ఇంటి తాళపుచెవులు ఎవరి దగ్గర ఉన్నవి?



ఈ నెల కుటుంబ శీర్షికలో ఒక క్రొత్త సంగతిని మీ ముందుకు తెచ్చుచున్నాము. శీర్షిక చూచి ఇనుప తాళముల గురించి అనుకొనవద్దు. మన ఇండ్లలో, సంఘములలో ఇప్పుడు కంటికి కనబడని తాళములు చాలా ఉన్నవి. బ్యాంకు ఖాతా, ఈమెయిలు, రైలు టికెట్లు, పిల్లల పరీక్షల దరఖాస్తులు, కరెంటు బిల్లు, ఆదాయపు పన్ను లెక్కలు, ఆదివారపు ఆరాధన ప్రసారము, వీటన్నిటికీ ఒక్కొక్క పాస్‌వర్డు ఉన్నది. ఈ తాళపుచెవులన్నిటినీ ఒకచోట భద్రముగా దాచిపెట్టే పనిముట్లు కొన్ని ఉన్నవి. వాటిని పాస్‌వర్డు మేనేజర్లు అంటారు. వాటిలో ఏది ఎవరికి తగినదో తెలిసికొనవలసిన అవసరము మా సంఘమునకు ఒక దుఃఖములో నుండి వచ్చింది.

ఎర్ర అట్ట డైరీ

మా సంఘ కోశాధికారి గారు 20 సంవత్సరాలకు పైగా నమ్మకముగా లెక్కలు వ్రాసినవారు. చందా రశీదు ఒక్కటి కూడ తప్పిపోనిచ్చేవారు కాదు. గత వర్షాకాలములో ఒక రాత్రి గుండెపోటు వచ్చి, తెల్లవారకముందే ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. భూస్థాపన, ఆదరణ కూటము అయిన తరువాత ఆయన భార్య ఒక ఎర్ర అట్ట డైరీ తెచ్చి మా పాస్టరు గారి చేతిలో పెట్టారు.

"అయ్యగారూ, ఆయన అన్నీ ఇందులోనే రాసుకునేవారు. సంఘము పనికి ఏమి కావాలో చూసుకోండి" అన్నారు.

డైరీలో నిజముగానే అన్నీ ఉన్నవి. కాని కొన్ని కొట్టివేసి ఉన్నవి, కొన్నిటిపైన మరల వ్రాసి ఉన్నవి. సంఘపు ఈమెయిలు దగ్గర వ్రాసిన పాస్‌వర్డు పని చేయలేదు. ఆయన దానిని తరువాత ఎప్పుడో మార్చి, మరల డైరీలో ఎక్కించలేదు. "పాస్‌వర్డు మరచిపోయాను" అని నొక్కితే, అంకెలు ఆయన ఫోను నంబరుకు వెళ్ళుచున్నవి. మేము ఈ పని మొదలుపెట్టే నాటికి రీచార్జి లేక ఆ నంబరు ఆగిపోయింది.

బ్యాంకు పని తీర్మానముతోను, క్రొత్త సంతకములతోను సరిచేసుకొనగలిగాము. పన్ను లెక్కలు మా ఆడిటరు గారి సహాయముతో దారికి వచ్చినవి. ఈమెయిలు మాత్రము తిరిగి రాలేదు. పాత సభ్యుల చిరునామాలు, ఎన్నో సంవత్సరాల క్రిస్మస్ పండుగ ఫోటోలు, గుడి కట్టినప్పటి కాగితముల నకళ్ళు అందులోనే ఉండిపోయినవి.

ఇంకొక మాట వ్రాయక తప్పదు. ఆ తల్లి మమ్మల్ని అడిగినది సంఘపు కాగితముల గురించి కాదు. ఆయన ఫోనులో మనుమరాలి మొదటి పుట్టినరోజు వీడియో ఉన్నది, ఆయన పాట పాడినది కూడ ఉన్నది. ఆ ఫోను తెరిచే గుర్తు ఎవరికీ తెలియదు. "ఎప్పటికైనా తెరుచుకుంటుందేమో" అని ఆమె ఇప్పటికీ దానికి అప్పుడప్పుడు చార్జింగు పెట్టుచున్నారు.

ఆయన దేనినీ దాచిపెట్టినవారు కారు, లెక్క తప్పినవారు కారు. తన తరువాత ఈ తాళపుచెవులు ఎవరికి అందవలెనో ఆలోచించే సమయము ఆయనకు దొరకలేదు. మాలో ఎవరము ఆలోచించాము? అందుకే కొత్త కోశాధికారి, స్త్రీల సమాజ కార్యదర్శి, యౌవనస్థుల నాయకుడు, ఈ పత్రిక పని చూచే మాలో ఒకరు, మొత్తము నలుగురము బుధవారపు ప్రార్థన తరువాత కొన్ని వారాలు కూర్చుండి ఈ విషయము పరిశీలించాము.

మొదట మా తప్పులు మేము ఒప్పుకొంటిమి

పనిముట్ల సంగతి చూడకముందు, నలుగురము ఎవరి అలవాటు వారు దాచకుండ చెప్పుకొన్నాము. ఒకరు అన్నిటికీ ఒకే పాస్‌వర్డు వాడుచున్నారు. ఒకరు పిల్లల పేరు, పుట్టిన సంవత్సరము కలిపి పెట్టుకొన్నారు. ఒకరు వాట్సాపులో తమకు తామే పంపుకొని దాచుకొన్నారు. మరొకరు బైబిలు గ్రంథము పేరు, అధ్యాయము, వచనము అంకెలు కలిపి పెట్టుకొని, "ఇది భక్తిగల పాస్‌వర్డు, దీనిని ఎవరు కనుక్కొంటారు?" అని ధైర్యముగా ఉన్నారు.

దొంగలు కనుక్కొంటారు. 2009లో రాక్‌యూ అనే అమెరికా సంస్థ నుండి 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డులు బయటపడినవి. ఆ సంస్థ వాటిని ఏ మరుగు లేకుండ ఉన్నవి ఉన్నట్లు దాచింది. వాటిలో 123456 అన్నదే 2 లక్షల 90 వేల మందికి పాస్‌వర్డుగా ఉన్నది. ఆ జాబితాలో మన ప్రభువు పేరు కూడ ఉన్నది. అటువంటి జాబితాలు ఇప్పుడు దొంగల చేతిలో ఉన్నవి. పేర్లు, పుట్టిన తేదీలు, ప్రసిద్ధ వాక్య భాగముల సంఖ్యలు వారి యంత్రములు మొట్టమొదట ప్రయత్నిస్తాయి. పాస్‌వర్డు పరిశుద్ధమైన మాటయైనంత మాత్రాన అది రహస్యము కాదు. కోట్లమందికి కంఠస్థమైన మాట రహస్యమెట్లగును?

ఒకే పాస్‌వర్డు అన్నిచోట్ల వాడుట ఇంతకంటె ప్రమాదము. ఎక్కడో ఒక చిన్న దుకాణపు వెబ్‌సైటు నుండి అది దొంగల చేతికి పోయినదనుకొందము. వారు ఆ ఈమెయిలు, ఆ పాస్‌వర్డు తీసికొని బ్యాంకులోను, ఈమెయిలులోను, మిగిలిన అన్నిచోట్లను వేసి చూస్తారు. వీధి గేటుకు, బీరువాకు, గుడి హుండీకి ఒకే తాళపుచెవి పెట్టుకొన్నట్లే గదా! మన ఈమెయిలు చిరునామా ఇటువంటి దొంగతనములలో చిక్కినదో లేదో చూచుకొనుటకు ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు 2013లో 'హావ్ ఐ బీన్ పోన్డ్' అనే ఉచిత సేవను ప్రారంభించారు. మా నలుగురిలో ముగ్గురి చిరునామాలు అందులో కనబడినవి.

ఈ పనిముట్టు చేసేదేమిటి?

పాస్‌వర్డు మేనేజరును ఒక ఉక్కు పెట్టె అనుకొనండి. మీకున్న 50 పాస్‌వర్డులు అందులో ఉంటాయి. ఆ పెట్టెను తెరిచే ప్రధాన పాస్‌వర్డు ఒక్కటే మీరు జ్ఞాపకము ఉంచుకొనవలెను. ప్రతి చోటికి వేరు వేరుగా, ఊహకందని పాస్‌వర్డులను అదే తయారుచేసి, అవసరమైనప్పుడు అదే నింపుతుంది.

ఇందులో మాకు మిక్కిలి నచ్చిన మేలు ఒకటున్నది. "మీ ఖాతా ఆగిపోవును, వెంటనే ఈ లింకు నొక్కండి" అని దొంగ సందేశములు వచ్చుట మీరెరుగుదురు. నొక్కితే అచ్చము బ్యాంకు పేజీ వంటిదే తెరుచుకొంటుంది. మన కన్ను మోసపోవచ్చును. మేనేజరు రంగులను, బొమ్మలను చూడదు, వెబ్‌సైటు చిరునామాను సరిపోల్చి చూస్తుంది. ఒక్క అక్షరము తేడా ఉన్నా పాస్‌వర్డు నింపదు. ఎప్పుడూ తనంతట తాను నింపేది ఈరోజు నింపలేదంటే, ఆగి ఆలోచించండి. అప్పుడు చేత్తో కొట్టి నింపబోకండి.

మంచి మేనేజరులలో పెట్టె తెరిచే ప్రధాన పాస్‌వర్డు కంపెనీకి కూడ తెలియదు. మీ సమాచారము మీ ఫోనులోనే మూతపడి, మూసినదిగానే వారి కంప్యూటర్లకు చేరుతుంది. ఇది మేలే, కాని దీనిలో ఒక భారము కూడ ఉన్నది. ప్రధాన పాస్‌వర్డు మీరు మరచిపోతే, వారు తెరిచి ఇవ్వలేరు.

మేము అడిగిన ఆరు ప్రశ్నలు

ఏది మంచిది అని ఊరికే అడిగితే తలకొక మాట చెబుతారు. కనుక ప్రతిదానిని ఈ ఆరు ప్రశ్నలతో తూచాము.

1. తాళపుచెవి ఎవరి చేతిలో ఉంటుంది, మన చేతిలోనా, కంపెనీ చేతిలోనా?
2. మా ఇండ్లలోని రకరకాల ఫోనులు, కంప్యూటర్లు అన్నిటిలో పని చేయునా?
3. భార్యాభర్తలు గాని, సంఘ పరిచారకులు గాని కొన్ని పాస్‌వర్డులను కలిసి వాడుకొనవచ్చునా?
4. మనము మరణించినా, మంచము పట్టినా, నమ్మకమైనవారికి అందే ఏర్పాటు ఉన్నదా?
5. రేపు ఆ సేవ ఆగిపోతే, మన సరుకు మనము బయటికి తెచ్చుకొనగలమా?
6. ఖర్చు ఎంత? గతములో వారి నడత ఎట్టిది?

ఫోనుతో పాటే వచ్చేవి

ఆండ్రాయిడ్ ఫోనులోను, క్రోమ్‌లోను గూగుల్ పాస్‌వర్డు మేనేజరు ముందే ఉన్నది. దానికి ఖర్చు లేదు, క్రొత్తగా నేర్చుకొనవలసినదీ లేదు. 2024 నుండి గూగుల్ కుటుంబ బృందములోని వారికి పాస్‌వర్డు పంచే వసతి కూడ ఇచ్చారు. దీనికి కొరత ఏమిటంటే, పెట్టె అంతా ఒక్క గూగుల్ ఖాతాకు కట్టబడి ఉంటుంది. ఆ ఖాతా పోతే అన్నీ పోతాయి. పైగా సాధారణ అమరికలో తాళపుచెవి గూగుల్ వద్ద కూడ ఉంటుంది. మన పరికరములో మాత్రమే తెరుచుకొనే అమరిక కావలెనంటే మనమే ఎంచుకొనవలెను.

ఐఫోను వాడువారికి ఆపిల్ 2024 సెప్టెంబరులో 'పాస్‌వర్డ్స్' అనే వేరు యాప్ ఇచ్చింది. ఇంటిల్లిపాదికీ ఆపిల్ పరికరములే ఉంటే అది చక్కగా పని చేస్తుంది, కుటుంబములో పంచుకొనుట కూడ సులభము. కాని ఇంట్లో ఒకరికి ఐఫోను, నలుగురికి ఆండ్రాయిడ్ ఉంటే చిక్కు వస్తుంది. ఇంకొక సంగతి గమనించండి. ఆపిల్‌లో మన మరణానంతరము ఫోటోలు మొదలైనవి పొందుటకు వారసుని ముందే నియమించే ఏర్పాటు 2021 డిసెంబరు నుండి ఉన్నది. కాని ఆ వారసునికి పాస్‌వర్డుల పెట్టె మాత్రము అందదు.

బిట్‌వార్డెన్

ఇది 2016లో అమెరికాలో మొదలైనది. దీని నిర్మాణము అంతా బహిరంగముగా ఉంచారు గనుక నిపుణులెవరైనను తెరిచి పరీక్షించవచ్చును. ఉచిత ప్రణాళికలోనే ఎన్ని పాస్‌వర్డులైనను, ఎన్ని ఫోనులలోనైనను వాడుకొనవచ్చును. ఇద్దరు కలిసి కొన్నిటిని పంచుకొనుటకు కూడ ఉచితముగానే వీలున్నది. ఆరుగురికి సరిపడే కుటుంబ ప్రణాళికకు డబ్బు చెల్లించవలెను.

మా నాలుగవ ప్రశ్నకు మంచి జవాబు ఇక్కడ దొరికింది. దీనిలో 'అత్యవసర ప్రవేశము' అను ఏర్పాటున్నది. మీరు ఒక నమ్మకస్థుని ముందే నియమిస్తారు. అవసరము వచ్చినప్పుడు వారు అడుగుతారు. మీరు ముందు నిర్ణయించిన గడువు వరకు, అది ఒక రోజు కావచ్చు, 90 రోజుల వరకు కావచ్చు, మీరు కాదనకుండ ఉంటే పెట్టె వారికి తెరుచుకొంటుంది. మీరు బ్రతికి ఉండగా ఎవరైనా దురాశతో అడిగినా, ఆ గడువులో మీరు ఆపివేయగలరు. ఇది డబ్బు చెల్లించే ప్రణాళికలో ఉన్నది. నియమింపబడిన వారికి మాత్రము ఉచిత ఖాతా చాలును.

వన్‌పాస్‌వర్డ్

ఇది కెనడా దేశపు సంస్థ, 2006 నుండి ఉన్నది. దీనిలో ప్రధాన పాస్‌వర్డుతో పాటు 34 అక్షరముల రహస్య సంకేతము ఒకటి మీ పరికరములో ఉంటుంది. కంపెనీ కంప్యూటర్లను ఎవరైనా దోచుకొన్నా, ఆ రెండవది లేక పెట్టె తెరువలేరు. వీటిని వ్రాసి దాచుకొనుటకు ఒక కాగితము అచ్చు వేసుకొనే ఏర్పాటు కూడ వారే చేశారు. కుటుంబ ప్రణాళికలో ఐదుగురికి చోటు, ఒకరు మరచిపోతే కుటుంబ నిర్వాహకుడు వారికి మరల దారి చూపగలడు. వాడుటకు మాకు అన్నిటికంటె సుఖముగా తోచినది ఇదే. అయితే శాశ్వతమైన ఉచిత ప్రణాళిక లేదు. మొదటి కొన్ని రోజులు చూచిన తరువాత డబ్బు చెల్లించవలసినదే.

కీపాస్

జర్మనీకి చెందిన డొమినిక్ రైఖ్ల్ 2003లో దీనిని ప్రారంభించారు. ఇది పూర్తిగా ఉచితము, నిర్మాణము బహిరంగము. పెట్టె ఏ కంపెనీ దగ్గరా ఉండదు. మీ కంప్యూటరులో ఒక్క ఫైలుగా ఉంటుంది. కంప్యూటరుకు కీపాస్ఎక్స్‌సి, ఆండ్రాయిడ్‌కు కీపాస్‌డిఎక్స్ అనే రూపములు ఇతరులు చేసి ఇచ్చారు. ఎవరినీ నమ్మనక్కరలేదు, ఇంటర్నెట్టు కూడ అక్కరలేదు. కాని ఆ ఫైలు పాడైతే గాని, కంప్యూటరు దొంగలపాలైతే గాని, నకలు లేనివాడు అంతా పోగొట్టుకొన్నట్లే. మా యౌవనస్థుల నాయకునికి ఇది ఎంతో ఇష్టము. "తమ్ముడూ, నీవు ఉద్యోగము మీద హైదరాబాదు వెళ్ళిపోతే దీనిని ఎవరు చూస్తారు?" అని కార్యదర్శి అక్కగారు అడిగితే, అతడు నవ్వి ఊరుకొన్నాడు.

జోహో వాల్ట్

చెన్నై కేంద్రముగా ఉన్న జోహో సంస్థది. మన దేశపు సంస్థ గనుక చూడవలెనని అనుకొన్నాము. ఒక్కరి వాడకమునకు ఉచిత ప్రణాళిక ఉన్నది. ఇది ముఖ్యముగా కార్యాలయముల కొరకు చేసినది, నలుగురు ఉమ్మడిగా వాడుకొనవలెనంటే చెల్లించవలెను. పెద్ద ఆసుపత్రులు, పాఠశాలలు నడిపే సంఘములు దీనిని పరిశీలించవచ్చును.

ఒక హెచ్చరిక, ఇంకొక పాఠము

లాస్ట్‌పాస్ అనే పేరు కూడ మీరు వినియుందురు. ఒకప్పుడు చాలామంది దీనినే వాడేవారు. 2022 ఆగస్టులో దొంగలు దానిలో ప్రవేశించారు. తరువాత ఒక ఉద్యోగి ఇంటి కంప్యూటరు ద్వారా లోతుగా వెళ్ళి, వినియోగదారుల పెట్టెల నకళ్ళనే ఎత్తుకొనిపోయారు. ఆ సంగతి కంపెనీ 2022 డిసెంబరులో వెల్లడి చేసింది. పాస్‌వర్డులు మూతవేసే ఉన్నవి గాని, ఏయే వెబ్‌సైటులకు ఖాతాలున్నవో ఆ చిరునామాలు మూత లేకుండ ఉన్నవి.

ఇందులో మనకు ఒక పాఠమున్నది. మంచి మేనేజరులు మన ప్రధాన పాస్‌వర్డును లక్షలసార్లు త్రిప్పి, కలియబెట్టి తాళపుచెవిగా మారుస్తాయి. బిట్‌వార్డెన్‌లో 2023 నుండి క్రొత్త ఖాతాలకు ఆ లెక్క 6 లక్షల సార్లు. అందువలన దొంగకు ఒక్కొక్క ఊహ పరీక్షించుటకు ఎంతో శ్రమ పట్టును. లాస్ట్‌పాస్ పాత ఖాతాలలో ఆ లెక్క 5,000 మాత్రమే ఉండిపోయినవి ఉన్నవి. పెట్టెయే దొంగ చేతికి వెళ్ళినప్పుడు కాపాడేవి రెండే: కంపెనీ వేసిన మూత బలము, మనము పెట్టిన ప్రధాన పాస్‌వర్డు బలము. బలహీనమైన ప్రధాన పాస్‌వర్డు పెట్టుకొన్నవారికి ఉక్కు పెట్టె ఉండి కూడ ప్రయోజనము లేదు.

ఇంకొక సంగతి 2025లో జరిగింది. మైక్రోసాఫ్ట్ తన ఆథెంటికేటర్ యాప్‌లో పాస్‌వర్డులు దాచే సేవను నిలిపివేసింది. ఆ సంవత్సరము ఆగస్టు తరువాత ఆ యాప్‌లో అవి కనబడలేదు. ఎంత పెద్ద కంపెనీయైనా ఒక సేవను మూసివేయవచ్చును. అందుకే మా ఐదవ ప్రశ్న. పైన చెప్పినవాటి నుండి మన పాస్‌వర్డులను బయటికి దింపుకొనవచ్చును. అయితే అట్లు దింపిన ఫైలులో చాలాసార్లు పాస్‌వర్డులు అందరూ చదువగలిగినట్లు ఉంటాయి. క్రొత్త పెట్టెలోనికి ఎక్కించిన వెంటనే దానిని చెరిపివేయవలెను.

ప్రధాన పాస్‌వర్డు ఎట్లు పెట్టుకొనవలెను?

1995లో అమెరికాకు చెందిన ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ ఒక సులభ పద్ధతి చెప్పారు. 7,776 మాటల జాబితా ముందు పెట్టుకొని, పాచిక ఐదుసార్లు వేసి, వచ్చిన అంకెలనుబట్టి ఒక మాట ఎంచుకొనవలెను. అట్లు నాలుగు మాటలు కలిపితే 3,600 లక్షల కోట్లకు పైగా విధములు ఏర్పడును. ఐదవ మాట చేర్చితే ఆ సంఖ్య మరల 7,776 రెట్లు పెరుగును. దీనిలో బలము మాటల కష్టములో లేదు, వాటిని మనస్సు ఎంచకపోవుటలో ఉన్నది. మనస్సు ఎంచితే పేర్లు, పాటలు, వాక్యములు వైపే పోతుంది.

మన తెలుగువారు ఒకదానికొకటి సంబంధము లేని ఐదారు ఇంటి మాటలు చీట్లు తీసి ఎంచుకొని, ఇంగ్లీషు అక్షరములలో కొట్టవచ్చును. "గుమ్మడి నిచ్చెన పావురము గొడుగు తిరగలి" అనునట్లు. ఇది పత్రికలో వేసినాము గనుక ఇక ఎవరూ వాడకూడదు! చీట్ల గిన్నెలో వందలకొలది మాటలు ఉండవలెను, ఇరువది మాటలైతే చాలవు.

తరచుగా మార్చవలెనా? కారణము లేకుండ గడువు పెట్టి పాస్‌వర్డులు మార్పించుట మేలు కాదని అమెరికా ప్రభుత్వ ప్రమాణముల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. బయటపడినదని తెలిస్తే వెంటనే మార్చవలెను. మన కోశాధికారి గారి డైరీలో కొట్టివేతలు జ్ఞాపకము తెచ్చుకొనండి. ఊరక మార్చుచుండుట వలననే చివరిది వ్రాయుట తప్పిపోయింది.

మేము ఏది ఎంచుకొన్నాము?

నలుగురము ఒకే మాట మీదికి రాలేదు, రానవసరము లేదని కూడ గ్రహించాము.

సంఘపు పనికి బిట్‌వార్డెన్ తీసికొన్నాము. రకరకాల ఫోనులలో పని చేయుట, పంచుకొనే వీలు, అత్యవసర ప్రవేశము, ఈ మూడింటిని బట్టి. ఒక్కరి చేతిలో ఉండకుండ కోశాధికారికిని, కార్యదర్శికిని ప్రవేశమున్నది. ప్రధాన పాస్‌వర్డు ఒక కాగితము మీద వ్రాసి, కవరులో పెట్టి, అంటించి, ముగ్గురు సంతకములు చేసి, రిజిస్టర్లు ఉండే ఇనుప బీరువాలో ఉంచాము. సంవత్సరమునకొకసారి సర్వసభ్య కూటమునకు ముందు అన్నీ పని చేయుచున్నవో లేదో చూడవలెనని తీర్మానము వ్రాశాము. ఆరాధన ప్రసారము చేయు యూట్యూబు ఛానలుకు పాస్‌వర్డు పంచలేదు. పాస్‌వర్డు ఇవ్వకుండనే వేరొకరిని నిర్వాహకునిగా చేర్చే వీలు అక్కడ ఉన్నది.

ఆండ్రాయిడ్ ఫోను మాత్రమే ఉన్న కుటుంబములకు, వేరొకటి నేర్చుకొనే ఓపిక లేనివారికి గూగుల్‌దే చాలునని మా అభిప్రాయము. అయితే రెండంచెల తాళము తప్పక వేసుకొనవలెను. ఫోను పోయినప్పుడు పనికివచ్చుటకు గూగుల్ ఇచ్చే పది ప్రత్యామ్నాయ సంకేతములను కాగితము మీద వ్రాసి బీరువాలో ఉంచవలెను. మాకు అప్పుడే ఇది తెలిసియుంటే, సంఘపు ఈమెయిలు పోకుండ ఉండేదేమో.

కంప్యూటరు పని బాగుగా తెలిసి, నకళ్ళు క్రమముగా తీసే అలవాటున్న యౌవనస్థులు కీపాస్ వాడుకొనవచ్చును. ఖర్చు భరించగలవారికి, విదేశములలో పిల్లలున్న కుటుంబములకు వన్‌పాస్‌వర్డ్ సుఖము.

ఇవేవీ చేతగాని పెద్దవారి సంగతి ఏమి? వారు సిగ్గుపడనవసరము లేదు. ఒక నోటు పుస్తకములో ప్రతి ఖాతాకు వేరు పాస్‌వర్డు స్పష్టముగా వ్రాసి, బీరువాలో పెట్టి తాళము వేయండి. అన్నిటికీ ఒకే పాస్‌వర్డు పెట్టుటకంటె ఇది ఎంతో మేలు. దూరదేశపు దొంగ మీ బీరువాలో చెయ్యి పెట్టలేడు. మార్చిన రోజే పుస్తకములో కూడ మార్చండి.

మరువరాని మూడు మాటలు

మొదటిది, ఏ మేనేజరు కూడ మన నోటికి కాపలా కాయలేదు. ఫోనులో ఎవరు అడిగినా ఓటిపి గాని, యుపిఐ పిన్ను గాని చెప్పవద్దు. ఏటీఎం, యుపిఐ పిన్నులను మేము ఏ పెట్టెలోను పెట్టలేదు. మోసము జరిగినదని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. తొందరగా చెప్పినకొలది డబ్బు ఆపే అవకాశము ఎక్కువ.

రెండవది, ఒకరు మరణించిన తరువాత వారి పాస్‌వర్డు మన దగ్గర ఉన్నది గదా అని వారి బ్యాంకు ఖాతా నుండి డబ్బు తీయుట సరికాదు. నామినీ మరణ ధృవీకరణ పత్రముతో బ్యాంకుకు వెళ్ళవలెను. నామినీ పేరు వ్రాయించినారో లేదో ఈ వారమే చూచుకొనండి.

మూడవది, భార్యాభర్తల మధ్య ఈ మాట సమయముండగానే రావలెను. "నా తరువాత" అని మాట్లాడుట అపశకునమని చాలామంది తప్పించుకొంటారు. నిరీక్షణగల మనకు ఆ భయమెందుకు? పది మంది కన్యకల ఉపమానము మనమందరము ఎరుగుదుము. అర్ధరాత్రి కేక వినబడినప్పుడు నూనె అప్పు దొరకలేదు. కొన్ని సిద్ధపాటులు పగలు ఉండగానే చేసికొనవలసినవి.

ఈ వ్యాసము అచ్చుకు పంపేముందు ఆ తల్లి దగ్గరకు వెళ్ళి, ఆమె సంగతి వ్రాయవచ్చునా అని అడిగాము. "రాయండి. ఇంకో ఇంట్లో ఇట్లా కాకుండా ఉంటే చాలు" అన్నారు. ఆ తరువాత బల్ల సొరుగు తెరిచి ఒక క్రొత్త నోటు పుస్తకము చూపారు. తన పింఛను ఖాతా, గ్యాసు, ఈమెయిలు, ఫోను తెరిచే గుర్తు బొమ్మతో సహా, గుండ్రని అక్షరములతో వ్రాసుకొన్నారు. మొదటి పేజీలో పెద్ద కుమార్తె పేరు, బీరువా తాళపుచెవి ఎక్కడ ఉంటుందో అదియు వ్రాసి ఉన్నవి.

పాత ఫోను ఆ పుస్తకము ప్రక్కనే ఉన్నది.

కుటుంబ ప్రార్థన తరువాత మాట్లాడుకొనుటకు

1. మన ఇంట్లో ఒక్కరికే తెలిసిన తాళములు ఏవేవి?
2. ఆ ఒక్కరు రేపు ఆసుపత్రిలో ఉంటే, ఏ పని ఆగిపోవును?
3. ఒకే పాస్‌వర్డు ఎన్నిచోట్ల వాడుచున్నాము? ఈ వారము మొదట దేనిని మార్చుదము? ఈమెయిలుదే మొదట మార్చుట మంచిది, ఎందుకనగా మిగిలినవన్నీ దాని ద్వారానే తిరిగి తెరుచుకొనును.
4. పుస్తకము గాని, కవరు గాని ఎక్కడ ఉంచుదము? ఎవరికి చెప్పుదము?
5. మన సంఘములోని ఒంటరి వృద్ధులకు ఈ పనిలో ఎవరు తోడు వెళ్ళుదురు?